అటెన్‌బరో: ఊరి పేరా, గుట్ట పేరా?

ప్రకృతి డాక్యుమెంటరీల్లో డేవిడ్ అటెన్‌బరో గొంతు వినని వాళ్లు మన దగ్గర కూడా తక్కువే. ఆయన అన్న రిచర్డ్ 1982లో ‘గాంధీ’ సినిమా తీశారు, దానికి 8 ఆస్కార్లు వచ్చాయి. ఈ అన్నదమ్ముల వల్ల ఆ ఇంటిపేరు ప్రపంచమంతా తెలిసిపోయింది కాబట్టి బ్రిటన్‌లో వీధికో అటెన్‌బరో ఉంటారని అనుకుంటాం. నిజానికి అది అరుదైన పేరు. స్మిత్ అనే ఇంటిపేరున్న వాళ్లు బ్రిటన్‌లో 5 లక్షలకు పైనే ఉంటారు. వాళ్ల పక్కన పెడితే అటెన్‌బరోలు పిడికెడు మంది.

అరుదుగా ఉండటమే ఈ పేరులో ఉన్న విశేషం. స్మిత్ అంటే కమ్మరి. ఇంగ్లండ్‌లో ప్రతి ఊళ్లోనూ ఒక కమ్మరి ఉండేవాడు, ప్రతి ఊళ్లోనూ ఆ పేరు విడిగా పుట్టింది. కాబట్టి స్మిత్‌ల మూలం ఎక్కడని అడిగితే ఒక్క జవాబు ఉండదు. అటెన్‌బరో అలా కాదు. ఇది ఏదో ఒక చోట, బహుశా ఒక్క కుటుంబంలో మొదలై ఉండాలి. ఆ చోటు ఏది? పాత రికార్డుల్లోని స్పెల్లింగులు, పేరు వ్యాపించిన మ్యాప్, మగవాళ్ల డీఎన్‌ఏ, ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెడితే తప్ప దీనికి గట్టి జవాబు రాదు. ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా దారి తప్పుతాం.

ఇంగ్లండ్‌లో సామాన్యులకు ఇంటిపేర్లు మొదటి నుంచీ లేవు. 1066లో నార్మన్లు వచ్చాక భూములున్న పెద్ద కుటుంబాలు ముందుగా పెట్టుకున్నాయి. మిగతా జనానికి అవి స్థిరపడేసరికి ఇంగ్లండ్‌లో చాలా చోట్ల 1400 దాకా పట్టింది. అవసరం ఎక్కడ వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఊళ్లో మగవాళ్లలో సగం మంది జాన్, విలియం, రిచర్డ్, రాబర్ట్, థామస్ అయితే పన్ను వసూలు చేసే గుమాస్తా ఎవరిని ఎవరని రాసుకోవాలి? 1377, 1379, 1381లలో తలపన్ను వేసినప్పుడు మనిషి మనిషినీ విడిగా రాసుకోవాల్సి వచ్చింది. కమ్మరి జాన్, రాబర్ట్ కొడుకు జాన్, వాగు దగ్గరి జాన్, ఫలానా ఊరి నుంచి వచ్చిన జాన్. ఈ గుర్తులే కొన్ని తరాలకు గడ్డకట్టి తండ్రి నుంచి కొడుక్కి వెళ్లడం మొదలుపెట్టాయి. కమ్మరి కొడుకు బట్టలు కుట్టుకుని బతికినా స్మిత్‌గానే ఉండిపోయాడు.

అటెన్‌బరో విషయంలో చిక్కు సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఆ పేరును రెండు రకాలుగా చదవొచ్చు, రెండూ తప్పని తేలిగ్గా కొట్టిపారేయలేం.

మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ‘అటె’, ‘అటెన్’ అంటే ఫలానా దాని దగ్గర అని. మన స్వాతంత్ర్యం నాటి బ్రిటిష్ ప్రధాని క్లెమెంట్ అట్లీ ఇంటిపేరు అలా పుట్టిందే, ‘లీ’ దగ్గర అంటే అడవిలోని ఖాళీ మైదానం దగ్గర ఉండేవాడు అని. నాష్ అనే పేరు ‘అటెన్ యాష్’ నుంచి, అంటే యాష్ చెట్టు దగ్గర ఉన్నవాడు. నోక్స్ ఓక్ చెట్ల దగ్గరివాడు. ఈ లెక్కన అటెన్‌బరోను ‘అటెన్ బరో’ అని విడగొట్టి, గుట్ట దగ్గరో తోపు దగ్గరో కోటింటి దగ్గరో ఉండేవాడని చెప్పుకోవచ్చు. ఇది నిఘంటువుల్లో కూడా ఉన్న వివరణే.

రెండోది మరింత సూటిగా ఉంటుంది. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతిగా కొద్ది మైళ్ల దూరంలో, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరే ఉంది. ఆ ఊరి పాత రూపాల్లో ‘ట’ బదులు ‘డ’ కనిపిస్తుంది. అడ్డా లాంటి పేరున్న ఒక ఆంగ్లో-సాక్సన్ మనిషి ‘బుర్’, అంటే గోడ కట్టి కాపాడుకున్న ఆవాసం. ‘అటెన్’ అనే మాటకూ ఈ ఊరికీ మొదట్లో ఏ సంబంధమూ లేదు. కాలక్రమంలో పలకడం మారి, ‘డ’ పోయి ‘ట’ వచ్చి రెండూ ఒకేలా వినిపించడం మొదలైంది. పేరును ముక్కలు చేసి అర్థం చెప్పేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇలాంటి చోటే. ఈనాటి స్పెల్లింగ్ చూసి 800 ఏళ్ల కిందటి అర్థం తేల్చడం ఎప్పుడూ ప్రమాదమే.

ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు. తాడేపల్లి, నిడదవోలు, వేటూరి, ఎన్ని లేవు! అయితే ఇందులో ఒక మెలిక ఉంది, ఇంగ్లండ్‌లో అది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఊళ్లోనే ఉన్న మనిషిని ఊరి పేరుతో పిలిస్తే ఉపయోగం లేదు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్లే. ఊరు వదిలి పక్క ఊరికో పట్నానికో వెళ్లినప్పుడే అతను ‘అటెన్‌బరో నుంచి వచ్చినవాడు’ అవుతాడు. అంటే ఊరి పేరున్న కుటుంబం ఆ ఊరిని వదిలిన కుటుంబం.

దీనికి చక్కటి ఉదాహరణ ఆ ఊరి చర్చిలోనే దొరుకుతుంది. అటెన్‌బరోలోని సెయింట్ మేరీ చర్చిలో 1611లో బాప్తిస్మం పొందిన పిల్లల్లో హెన్రీ ఐర్టన్ ఒకరు. 1640ల అంతర్యుద్ధంలో రాజుకు ఎదురు నిలిచిన ఆలివర్ క్రామ్‌వెల్‌కు అల్లుడై, పార్లమెంటు పక్షాన సేనాని అయి, చార్లెస్ రాజు మరణశాసనం మీద సంతకం చేసిన మనిషి ఆయన. అటెన్‌బరోలో పుట్టిన అందరికంటే చరిత్రలో పేరున్న వ్యక్తి, కానీ ఆయన ఇంటిపేరు ఐర్టన్. అదేమో పక్క జిల్లా డార్బీషైర్‌లోని ఒక ఊరి పేరు! ఐర్టన్ నుంచి వచ్చినవాళ్లు అటెన్‌బరోలో ఐర్టన్‌లుగా ఉన్నారు, అటెన్‌బరో నుంచి వెళ్లినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో అటెన్‌బరోలు అయ్యారు.

ఎంత దూరం వెళ్లారు? సాధారణంగా ఎక్కువ దూరం కాదు. 1881 జనాభా లెక్కల్ని ఇంటిపేర్ల మీద పనిచేసేవాళ్లు ఇష్టంగా వాడతారు. ఆ లెక్కలు పూర్తిగా అక్షరీకరించి ఉన్నాయి, జనం మరీ చెల్లాచెదురు కాకముందు ఏ పేరు ఎక్కడ గుంపుగా ఉందో చూపిస్తాయి. అందులో అటెన్‌బరోలు నాటింగ్‌హామ్‌షైర్, డార్బీషైర్ చుట్టూ చిక్కగా కనిపిస్తారు. పేరు పుట్టి 500 ఏళ్లు దాటాక కూడా ఆ గుంపు అదే ఊరి చుట్టూ ఉంది. గుట్టలూ తోపులూ ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి. ఈ పేరు గుట్ట నుంచి వచ్చి ఉంటే కెంట్‌లోనో డెవన్‌లోనో ఇంకో గుంపు కనిపించాలి. ఒక్క గుట్ట దగ్గరి ఒక్క కుటుంబమే మిగిలి ఉండొచ్చు కదా అని వాదించవచ్చు. కానీ అలా మిగిలిన కుటుంబం సరిగ్గా అదే పేరున్న ఊరి పక్కనే ఉండటం కాకతాళీయమని నమ్మడం కష్టం. నా వరకు ఊరి వైపే మొగ్గుతాను.

డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో, అటెన్‌బరోకు వాయువ్యంగా కొద్ది మైళ్ల దూరంలో. అన్ని శతాబ్దాల్లో ఆ శాఖ నడిచింది అంతే దూరం. ఆ తర్వాత ఒక్క తరంలో అంతా మారిపోయింది. చదువు ఫ్రెడరిక్‌ను కేంబ్రిడ్జ్‌కు, అక్కడి నుంచి లండన్ దగ్గరి ఐజిల్‌వర్త్‌కు, చివరికి లెస్టర్ యూనివర్సిటీ కాలేజీ ప్రిన్సిపాల్ పదవికి తీసుకెళ్లింది. రిచర్డ్ కేంబ్రిడ్జ్‌లో, డేవిడ్ ఐజిల్‌వర్త్‌లో పుట్టారు. రైళ్లు, ఉన్నత చదువులు వచ్చాక ఇంటిపేర్ల మ్యాప్ ఎందుకు చెదిరిపోయిందో ఈ ఒక్క ఇల్లే చూపిస్తుంది. ఫ్రెడరిక్ ఆంగ్లో-సాక్సన్ పండితుడు కూడా. తొలినాటి ఇంగ్లిష్ రాజుల చట్టాలను అనువాదంతో సహా 1922లో ప్రచురించారు. అందులో వెసెక్స్ రాజు ఐని చట్టాల్లో, రాజుగారి ‘బుర్’లోకి గోడ బద్దలుకొట్టి చొరబడితే 120 షిల్లింగుల పరిహారం కట్టాలనే నిబంధన ఉంటుంది. తన ఇంటిపేరు చివర ఉన్న మాటే తను అనువదిస్తున్న ఏడో శతాబ్దపు చట్టంలో ఆయనకు ఎదురైందన్నమాట. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంతవరకు చెప్పినదానికి కాగితం సాక్ష్యం ఎక్కడిది? 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చికీ ఒక ఆదేశం పంపించారు. ఒక పుస్తకం పెట్టాలి. దాన్ని దాచడానికి రెండు తాళాల పెట్టె కొనాలి. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర ఉండాలి. ప్రతి ఆదివారం అందరూ కలిసి పెట్టె తీసి, ఆ వారం జరిగిన పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు రాసి మళ్లీ తాళం వేయాలి. ఇంగ్లండ్‌లో సామాన్యుడి వంశచరిత్ర అంతా ఈ పెట్టెల్లో మొదలైంది. అయితే 1598లో ఆ పాత కాగితాలను తోలు పుస్తకాల్లోకి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి పాలన మొదలైన 1558 నుంచి రాస్తే చాలన్నట్టు ఆదేశంలో ఉంది. అందుకే చాలా ఊళ్ల రిజిస్టర్లు 1538 బదులు 1558లో మొదలవుతాయి. ముందరి 20 ఏళ్లు అలా పోయాయి. 1640లలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు మరికొన్నేళ్లు చాలా చోట్ల ఖాళీగా ఉండిపోయాయి.

రాసిన చోట కూడా పాదిరి తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. పేరుగలవాడికి చదువు రాదు, తప్పు దిద్దేవాళ్లు లేరు. అటెన్‌బరో, అటెన్‌బరా, అటెన్‌బారో, అటెన్‌బర్రో, ఇలా ఒకే కుటుంబం రకరకాలుగా కనిపిస్తుంది. స్పెల్లింగ్ తేడా చూసి వేరే వంశం అనుకోవడం ఈ పనిలో మొదట వదిలించుకోవాల్సిన అలవాటు.

1538కి ముందు, పేరు పుట్టిన 1300ల దాకా వెళ్లాలంటే పన్ను జాబితాలు, చుట్టలుగా దాచిన కోర్టు పత్రాలు తప్ప ఆధారం లేదు. అందులో ఒక పేరు దొరికినా, ఆ మనిషే ఇప్పటి కుటుంబానికి మూలపురుషుడని కాగితంతో నిరూపించడం దాదాపు అసాధ్యం. ఇక్కడే డీఎన్‌ఏ ఉపయోగపడింది.

డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అంటే, అంటే డీఎన్‌ఏను బట్టి మనిషిని గుర్తుపట్టే పద్ధతి అంటే, మనకు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గుర్తొస్తారు. ఆ పద్ధతిని ప్రపంచంలో మొదట 1984లో కనిపెట్టింది అలెక్ జెఫ్రీస్, లెస్టర్ విశ్వవిద్యాలయంలో. ఫ్రెడరిక్ అటెన్‌బరో ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీయే తర్వాత ఆ విశ్వవిద్యాలయం అయింది. ఇంటిపేర్ల మీద అతి పెద్ద జన్యు పరిశోధనల్లో ఒకటి కూడా అక్కడే జరిగింది. టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్ల వై క్రోమోజోమ్‌ను పోల్చి చూసి 2009లో ఫలితాలు ప్రకటించారు.

వై క్రోమోజోమే ఎందుకంటే, అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు కూడా అలాగే వెళ్తుంది. రెండూ ఒకే దారిలో ప్రయాణిస్తాయి కాబట్టి ఒకదానితో ఒకదాన్ని సరిచూడవచ్చు. వై మీద కొన్ని చోట్ల చిన్న చిన్న డీఎన్‌ఏ అక్షరాల గుంపు పదేపదే వస్తుంది. ఒక చోట 13 సార్లు, ఇంకో చోట 24 సార్లు, ఇలా. ఈ సంఖ్యల వరుస ప్రతి మగ వంశానికీ ఒక గుర్తు లాంటిది. తరాలు గడిచే కొద్దీ ఎక్కడో ఒక చోట 13 కాస్తా 14 అవుతుంది. ఆ మార్పులు నెమ్మదిగా వస్తాయి కాబట్టి, ఇద్దరి వరుసల మధ్య తేడాను బట్టి వాళ్ల ఉమ్మడి పూర్వీకుడు సుమారు ఎంత కాలం కిందటివాడో అంచనా వేయొచ్చు.

ఫలితం ఇలా ఉంది. స్మిత్‌లలో ఇద్దరిని తీసుకుంటే, దారిన పోయే ఏ ఇద్దరికీ లేని దగ్గరితనం వాళ్లకీ లేదు. పేరు అరుదయ్యే కొద్దీ ఒకే వంశం వాళ్ల శాతం పెరుగుతూ పోయింది. అటెన్‌బరోలలో అది సుమారు 87 శాతం. పరీక్షించినవాళ్లలో ప్రతి పదిమందికీ దాదాపు తొమ్మిది మంది ఒకే పురుషుడి సంతతి. మ్యాప్ చెప్పిన దానికీ ఇదీ సరిపోయింది. గుట్టా ఊరా అన్నది మాత్రం డీఎన్‌ఏ చెప్పదు. అది చెప్పేది ఇప్పుడున్నవాళ్లలో ఎక్కువమందికి మూలపురుషుడు ఒక్కడే అని. నాటింగ్‌హామ్‌షైర్‌లో గుంపుగా ఉన్న, ఒక్క మనిషి నుంచి వచ్చిన కుటుంబం అని తేలాక, ఊరి వాదన చాలా బలపడుతుంది.

మిగిలిన 13 శాతం సంగతేమిటి? ఈ మాట రాగానే చాలామంది అక్రమ సంబంధాలు అనేస్తారు. అది అన్యాయం. భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పిల్లలు మారుతండ్రి పేరు పెట్టుకున్నారు. అనాథలను పెంచుకున్నవాళ్లు తమ పేరు ఇచ్చారు. పెళ్లి కాని తల్లికి పుట్టిన కొడుక్కి తల్లి ఇంటిపేరు వచ్చింది, అతని వై మాత్రం తండ్రిది. ఆస్తి రావాలంటే మేనమామ పేరు పెట్టుకోవాలని వీలునామాలో రాయడం కూడా ఇంగ్లండ్‌లో మామూలే. పైగా లెక్క కట్టి చూడండి. తరానికి నూటికి ఒక్కరి దగ్గర మాత్రమే ఇలా తెగిందనుకుంటే, 20 తరాల తర్వాత పాత వరుసలో మిగిలేది 82 శాతం. అంటే 87 శాతం మిగిలిందంటే తరానికి ఒక్క శాతం కన్నా తక్కువే తెగినట్టు. 600 ఏళ్లకు అది చాలా చిన్న సంఖ్య. ఆ 13 శాతం మంది కూడా నూటికి నూరుపాళ్లూ అటెన్‌బరోలే. ఇంటిపేరు కుటుంబం ఇచ్చేది, క్రోమోజోమ్ కాదు.

అయినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆ ఊరి నుంచి 1300లలో ఒక్కడే బయటికి వెళ్లాడా? వెళ్లి ఉండడు. ఇద్దరో ముగ్గురో నలుగురో వెళ్లి ఉండొచ్చు, అందరికీ ఆ పేరే వచ్చి ఉండొచ్చు. మరి ఇప్పుడు ఒక్క వంశమే ఎందుకు కనిపిస్తోంది?

దీనికి సమాధానం ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో అడిగిన ఒక లెక్కలో ఉంది. ఇంగ్లండ్‌లో గొప్ప కుటుంబాల పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయని ఆయనకు అనుమానం వచ్చింది. వాళ్లలో సత్తువ తగ్గిందా, లేక మామూలుగానే జరుగుతుందా? హెన్రీ వాట్సన్ అనే గణిత పండితుడితో కలిసి దాన్ని లెక్కగా మార్చారు. ప్రతి మగవాడికీ సగటున ఒక్క కొడుకు అనుకుందాం. సగటు ఒకటే అయినా కొందరికి ముగ్గురు, కొందరికి ఎవరూ ఉండరు. ఈ లెక్కన ఒక మనిషి పేరు తర్వాతి తరానికే ఆగిపోయే అవకాశం దాదాపు 37 శాతం. రెండో తరానికి 53 శాతం. 20 తరాలకు 91 శాతం. జబ్బు, కరువు, తప్పు ఏమీ అక్కర్లేదు, ఆడపిల్లలు పుట్టడం చాలు. జనాభా పెరుగుతున్న కాలంలో ఈ అంకెలు మెత్తబడతాయి. కానీ ఇంగ్లండ్‌లో సామాన్యుల పేర్లు కుదురుకుంటున్న రోజుల్లోనే 1348లో ప్లేగు వచ్చి మూడో వంతు నుంచి సగం దాకా జనాన్ని తీసుకుపోయింది. అప్పుడే పుట్టిన పేర్లు ఎన్నో ఇంటిల్లిపాదితో పాటు పోయాయి.

కాబట్టి ఇప్పుడు అరుదుగా మిగిలిన పేరు ఆరంభంలో కూడా అరుదుగా ఉండాలని లేదు. నలుగురు అటెన్‌బరోలు బయల్దేరి ముగ్గురి వరుసలు ఆగిపోయి ఒకటి మిగిలినా, మనకు ఈరోజు కనిపించే చిత్రం ఇదే. పేరుకు మూలపురుషుడు ఒక్కడే అనడం కంటే, మిగిలిన వరుస ఒక్కటే అనడం సరైన మాట. ఇంటిపేర్ల మీద వచ్చే చాలా రాతల్లో ఈ తేడా మాయమైపోతుంది, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

డీఎన్‌ఏతో అన్నీ ఇంత సాఫీగా తేలవు. ఇదే లెస్టర్ బృందం 2007లో ఈస్ట్ యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరులో, పరీక్షించిన 18 మందిలో 7గురికి పశ్చిమ ఆఫ్రికాలో మాత్రమే కనిపించే వై రకం ఉందని చూపించింది. వాళ్లందరూ చూడటానికి తెల్లవాళ్లే, తమ ఇళ్లలో ఆఫ్రికా మాటే ఎప్పుడూ వినలేదు. రికార్డులు వెతికితే రెండు శాఖలుగా 1780ల చివర యార్క్‌షైర్ దాకా వెళ్లాయి, అంతకు ముందు ఎక్కడో కలవాలి. ఇంటిపేరు ఎంత అచ్చ ఇంగ్లిష్‌గా ఉన్నా అది మోసుకొచ్చే మనుషుల చరిత్ర అంతకంటే పెద్దది. రాజులకూ ఇదే వర్తించింది. లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద దొరికిన అస్థిపంజరం మూడో రిచర్డ్‌దేనని తల్లి వైపు డీఎన్‌ఏ చెప్పింది, కానీ కాగితాల ప్రకారం మగ వరుసలో బంధువులైన వాళ్ల వై మాత్రం ఆయనతో కలవలేదు.

ఇంత శ్రమ ఉన్న పనిని ఒక పోస్టర్‌గా మార్చి అమ్మేవాళ్లు ఇంటర్నెట్ నిండా ఉన్నారు. మీ ఇంటిపేరు చెప్పండి, దాని అర్థం, వంశ చిహ్నం ఫ్రేమ్ కట్టి పంపిస్తాం అంటారు. ఇంగ్లండ్‌లో చిహ్నాలు మంజూరు చేసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ 1484 నుంచి ఉంది. ఇంటిపేరుకు చిహ్నం అనేదే లేదని వాళ్లు స్పష్టంగా చెబుతారు. చిహ్నం ఒక మనిషికి ఇస్తారు, ఆయన మగ సంతతికి చెందుతుంది, అదే పేరున్న పరాయివాళ్లకు చెందదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లలో బ్రిటిష్ ఇంటిపేరున్న కుటుంబాల్లోకి పెళ్లి చేసుకున్నవాళ్లు ఇప్పుడు చాలామందే. పిల్లల ఇంటిపేరు ఎక్కడిదో తెలుసుకోవాలని ఉంటే అర్థం దగ్గర మొదలుపెట్టకండి. ముందు బతికున్న పెద్దల నుంచి వెనక్కి వెళ్లండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1837 నుంచి ప్రభుత్వ జనన, వివాహ, మరణ రికార్డులు ఉన్నాయి, వాటితో 1881 లెక్కల దాకా చేరి, ఆ పేరు ఏ జిల్లాలో గుంపుగా ఉందో చూడండి. ఆ జిల్లా చర్చి రిజిస్టర్లలో అన్ని స్పెల్లింగుల కిందా వెతకండి. ఆ చుట్టుపక్కల అదే పేరుతోనో, పాత రూపంలో దానికి దగ్గరగానో ఊరు ఉందేమో అప్పుడు చూడండి. 2016లో ఆక్స్‌ఫర్డ్ నాలుగు సంపుటాలుగా తెచ్చిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువులో 45,000కు పైగా పేర్లున్నాయి, పాత రికార్డుల్లోని రూపాలు తేదీలతో సహా ఇచ్చారు. దాన్ని తెరవాల్సింది ఇదంతా అయ్యాకే. డీఎన్‌ఏ పరీక్ష ఇంకా ఆఖర్న, అది కూడా ఇంట్లో అందరినీ అడిగి, ఏం తేలినా పర్వాలేదని వాళ్లు ఒప్పుకున్నాకే.